చక్రాల మీద వానప్రస్థం

మన కన్వెన్షన్‌కి కారులో వచ్చినవారు దారిలో ఒక్కసారైనా చూసే ఉంటారు. ఆర్టీసీ బస్సంత బండి, దాని వెనక తగిలించి లాక్కుపోతున్న ఓ చిన్న కారు, ముందు సీట్లలో నెరిసిన జుట్టుతో దంపతులిద్దరు. కుడి లేన్‌లో నింపాదిగా వెళ్తుంటారు. మనం విసుక్కుంటూ ఎడమ లేన్‌లోకి మారి దాటుకుపోతాం. ఆర్వీ అని పిలిచే ఆ బండిలో మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ ఉంటాయని మనకి తెలుసు. ఆ దంపతులు ఎక్కడికి వెళ్తున్నారో, అక్కడ వాళ్ళ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో మాత్రం మనలో చాలామందికి తెలియదు. చాలాసార్లు వాళ్ళు వెళ్ళేది తమలాంటివాళ్ళ దగ్గరికే. ఈ దేశంలో ఆర్వీ క్లబ్బులకి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. చరిత్ర నా వృత్తి కాదు, పగలంతా కోడ్ రాసుకునే ఇంజనీరుని. కానీ మా క్యారీలో మనవాళ్ళు ఒక్కొక్కరే రిటైరవుతున్న ఈ రోజుల్లో ఆ చరిత్ర మనకి పనికొస్తుందనిపించి కూర్చుని చదివాను.

మొదలు 1919. ఫ్లోరిడాలో టాంపా నగరం, డిసోటో పార్కు. చలి తప్పించుకోవడానికి వచ్చి గుడారాలు వేసుకున్న కొందరు టిన్ కాన్ టూరిస్ట్స్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ఫోర్డ్ మోడల్ టి కార్లకి సొంతంగా పెట్టెలూ పరుపులూ బిగించుకొని, డబ్బాల్లో నిలవ చేసిన తిండి తింటూ వచ్చేవాళ్ళు. సభ్యులమన్న గుర్తుగా రేడియేటర్ మూత మీద ఒక ఖాళీ డబ్బా అతికించుకొనేవారు. వీళ్ళలో పంట ఇంటికి చేరాక బయల్దేరిన ఉత్తరాది రైతులు, చిన్న వ్యాపారులు ఎక్కువ. అయినా అధ్యక్షుడు, కార్యవర్గం, శీతాకాల సభ, రహస్య కరచాలనం, అన్నీ ఉన్నాయి. మన సంఘాల సంగతి తెలిసినవారికి కరచాలనం తప్ప మిగతాదంతా పరిచయమే! ఒక చొక్కా, ఒక ఇరవై డాలర్ల నోటు పట్టుకొని వస్తారు, రెండూ మార్చరు అని ఫ్లోరిడావాళ్ళు వెక్కిరించేవారట. కొన్నాళ్ళకి ఆర్కేడియా, సరసోటా లాంటి ఊళ్ళే వీళ్ళని పిలిచి చోటిచ్చాయి.

అప్పటికింకా రిటైర్మెంట్ అన్నది అందరికీ దక్కే వస్తువు కాదు. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. 1940 జనవరిలో వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన ఐడా మే ఫుల్లర్ అనే ఆవిడ నెలనెలా ఇచ్చే పింఛను చెక్కుల్లో మొట్టమొదటిది అందుకున్నారు. 22 డాలర్ల 54 సెంట్లు! ఆ తర్వాత కంపెనీల పింఛన్లు, 1956లో ఐసెన్‌హోవర్ సంతకంతో ఇంటర్‌స్టేట్ రోడ్లు. చేతిలో తీరిక, ఎదురుగా రోడ్డు. ఇక మిగిలింది తోడు.

తోడు సంగతిలో పెద్ద పేరు వాలీ బయమ్‌ది. వెండిలా మెరిసే ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లు చేసిన మనిషి. 1896 జూలై 4న పుట్టాడు. 1951లో కొందరు కొనుగోలుదార్లని వెంటబెట్టుకొని మెక్సికో మీదుగా మధ్య అమెరికాకి బయల్దేరాడు. రోడ్లు ట్రైలర్లని విరగ్గొట్టాయి, చాలామంది మధ్యలోనే వెనక్కి తిరిగారు. అయినా జనం మళ్ళీ వస్తామన్నారు. 1955లో కెనడాలో నోవా స్కోషియాలోని కెంట్‌విల్ అనే ఊళ్ళో ఆయన పేరుతో కారవాన్ క్లబ్ ఏర్పడింది. 1959-60లో కేప్‌టౌన్ నుంచి కైరో దాకా ఆఫ్రికా అంతా పొడుగునా వెళ్ళారు. ఆయన 1962లో పోయాడు. అయినా 1963-64లో క్లబ్బువాళ్ళు సింగపూర్ నుంచి లిస్బన్ దాకా, మన దేశం మీదుగా, ట్రైలర్లు లాక్కుంటూ వెళ్ళారు. అప్పట్లో మన రోడ్ల మీద ఆ వెండి డబ్బాల్ని చూసినవాళ్ళు ఏమనుకున్నారో!

1963 జూలై 20న సంపూర్ణ సూర్యగ్రహణం. అది చూద్దామని మెయిన్ రాష్ట్రంలో హింక్లీ అనే చోట 26 కుటుంబాలు తమ ఇంటి బస్సులతో కలుసుకున్నాయి. గ్రహణం ఎంతసేపు పట్టిందో గానీ, ఆ కలయికలో పుట్టిన ఫ్యామిలీ మోటర్ కోచ్ అసోసియేషన్ ఇంకా నడుస్తోంది. 1966లో గుడ్ సామ్ క్లబ్ వచ్చింది. దాని మూలసూత్రం ఒక స్టిక్కర్. బండికి ఆ స్టిక్కర్ ఉన్నవాడు దారిలో ఆగిపోయిన మరొకడి కోసం ఆగాలి. సెల్‌ఫోన్ లేని కాలంలో అరవై దాటిన దంపతులకి ఎడారి రోడ్డు మీద అది ఎంత ధైర్యమో ఊహించుకోండి.

ఇదంతా తెల్లవాళ్ళ సరదా, మనకెందుకు అనుకొనేవారికి మన సంగతి గుర్తు చేస్తాను. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. ఇంటివారు, పరివారం కలిపి దాదాపు వందమంది. పల్లకీలు, డేరాలు. ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ దినుసులు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి చోటుంటుంది, అన్నీ స్నేహితుడికి రాశారు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర చదువుతుంటే ఆర్వీ క్లబ్బులు అచ్చేసే క్యాంపుగ్రౌండ్ పుస్తకాలే గుర్తొచ్చాయి నాకు. మేడారంలో రెండేళ్ళకోసారి సమ్మక్క సారలమ్మ జాతర. ఎడ్లబండ్లు కట్టుకొచ్చి, బండి పక్కనే వండుకుని, బండి కిందే పడుకొనేవారు మన పెద్దలు. నా చిన్నప్పుడు రిటైరైన మేష్టార్లు, గుమాస్తాలు భార్యలతో కాశీ రామేశ్వరం బస్సు ఎక్కేవారు. టాపు మీద గిన్నెలు, లోపల వంటవాడు, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా "మేం బస్సులో కలిసి వెళ్ళాం" అని చెప్పుకొనే స్నేహాలు. వానప్రస్థం అంటే భార్యాభర్తలు కలిసి ఇల్లు వదలడం అని మన శాస్త్రం చెప్పిందే కదా. అడవిలో కరెంటు పాయింటు ఉంటుందని చెప్పలేదంతే.

ఇప్పుడు క్యారీకి వద్దాం. 1965 అనే ఏడాది మీద నాకు ప్రత్యేకమైన గురి. ఏప్రిల్‌లో ఐబిఎం రిసెర్చ్ ట్రయాంగిల్ పార్కుకి వస్తున్నట్టు ప్రకటించింది. జూలై 30న జాన్సన్ మెడికేర్ మీద సంతకం పెట్టాడు. అక్టోబరు 3న కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. మొదటిది ఇక్కడ ఉద్యోగాలు తెచ్చింది, మూడోది మనల్ని తెచ్చింది, రెండోది మన డాక్టర్లకి పని పెంచింది. ఇప్పుడు అదే మెడికేర్ కార్డు ఆ మొదటి తరం పర్సుల్లోకి వచ్చింది. 1960లో సుమారు 3,400 మంది ఉన్న క్యారీ 2020 లెక్కల్లో 1,74,000 దాటింది. అయితే వచ్చినవాళ్ళ పిల్లలు ఇక్కడ ఉండిపోలేదు. నాలుగు పడకగదుల ఇంట్లో ఇద్దరే మిగిలిన తెలుగు దంపతులు మా చుట్టుపక్కల ఎంతమందో. గుడి ఉంది, లేక్ క్రాబ్‌ట్రీ చుట్టూ నడక ఉంది, బాండ్ పార్కులో టౌను వారి సీనియర్ సెంటర్ ఉంది. సాయంత్రం ఏడు తర్వాత మాత్రం టీవీయే.

రెండేళ్ళ కిందట అక్టోబరులో మా వీధి చివరి అమెరికన్ దంపతులు తమ ఆర్వీ క్లబ్బు వారాంతపు కలయికకి రమ్మన్నారు. క్యారీకి పడమట అరగంట దూరంలో జోర్డాన్ లేక్. అప్పుడు ఇండియా నుంచి వచ్చి ఉన్న మా నాన్నగారిని తీసుకెళ్ళాను. ఆయన ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. దిగగానే బండ్లు చూడలేదు, నీళ్ళు చూశారు.

"ఎన్ని టీఎంసీలురా ఇది?"

ఫోన్లో చూసి లెక్క వేశాను. మామూలు మట్టం దగ్గర సుమారు 9.

"అంతేనా? సాగర్ మొదట్లో 408," అని నవ్వి, "ఎవరి పొలాలు పోయాయిట?" అని అడిగారు.

పోయాయి. 1945లో కేప్ ఫియర్ నదికి వచ్చిన వరద తర్వాత ఈ ప్రాజెక్టు ఆలోచన వచ్చింది, 1981-82లో నిండింది. న్యూ హోప్ లోయలోని ఇళ్ళు, పొలాలు ఖాళీ చేయించారు. ఇప్పుడు మా క్యారీ కుళాయిల్లో వచ్చేది ఆ నీళ్ళే. ఆ ఒడ్డున వెయ్యికి పైగా క్యాంపుసైట్లు ఉన్నాయి. ఇక క్యారీ పక్కనే ఉన్న అమ్‌స్టెడ్ పార్కు కథ వేరు. 1950లో అందులో కొంత భాగం విడదీసి రీడీ క్రీక్ అని పేరుపెట్టి నల్లవారికి కేటాయించారు. 1966లో గానీ రెండూ ఒకటి కాలేదు. మనం హారిసన్ అవెన్యూ వైపు నుంచి నడకకి వెళ్ళే భాగం అదే. రోడ్డు అందరిదీ అన్నది అన్ని కాలాల్లోనూ నిజం కాదు. నల్లజాతి ఆర్వీ యజమానులు తమకంటూ జాతీయ స్థాయిలో ఒక సంఘం పెట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

ఆ శనివారం క్లబ్బు కలయికలో ఇరవై బండ్ల దాకా ఉన్నాయి. వ్యాగన్ మాస్టర్ అని ఒకాయన, అంటే ఆ వారాంతానికి పెళ్ళిపెద్ద లాంటివాడు, ఎవరి బండి ఎక్కడ నిలపాలో చెప్తున్నాడు. బండి వెనక్కి తీసేటప్పుడు భార్య వెనక నిలబడి చేతులతో సైగలు చెయ్యాలి, భర్త అద్దంలో చూసి నమ్మాలి. నలభై ఏళ్ళ కాపురాలకి అక్కడ పరీక్ష. నాలుగింటికల్లా అందరూ కుర్చీలు గుండ్రంగా వేసుకున్నారు. ఎవరి వంటకం వాళ్ళు తెచ్చి ఒకే బల్ల మీద పెట్టారు. మాటలన్నీ మోకాళ్ళు, మనవలు, టైర్లు. నాన్నగారు వీళ్ళ పిల్లలెక్కడుంటారో అడగమన్నారు. మా వీధివాళ్ళ కూతురు సియాటిల్, కొడుకు డెన్వర్. "మనలాగేనన్నమాట," అన్నారు నాన్నగారు. ఆ తర్వాత ఆయనకి ఇంగ్లీషు భయం పోయింది, మోకాలి ఆపరేషన్ గురించి అరగంట మాట్లాడారు.

అక్కడ ఒకావిడ 28 అడుగుల మోటర్‌హోమ్ ఒక్కర్తే నడుపుకుంటూ వచ్చింది. వసంతంలో భర్త పోయాడట. క్లబ్బు సమావేశాల్లో భార్యలకి విడిగా డ్రైవింగ్ పాఠాలు చెప్పడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఊరుకాని ఊళ్ళో ఆయనకి గుండెనొప్పి వస్తే బండిని ఆసుపత్రికి చేర్చేదెవరన్న లెక్క అది. ఆవిడ అలా నేర్చుకుందట. ఇంటికి వచ్చే దారిలో నేను మన ఆడవాళ్ళ గురించి ఆలోచించాను. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉండి, హైవే ఎక్కనివారు, బ్యాంకు పాస్‌వర్డు తెలియనివారు మనలో ఎంతమంది!

నేను చదివినవాటిలో నన్ను బాగా ఆపింది ఎస్కేపీస్ క్లబ్. జో పీటర్సన్ అనే ఎలక్ట్రీషియన్, ఆయన భార్య కే 1978లో మొదలుపెట్టారు. ఇల్లు అమ్మేసి ఏడాది పొడుగునా బండిలోనే ఉండేవాళ్ళ కోసం. ఇల్లు లేనివాడికి చిరునామా ఉండదు, చిరునామా లేకపోతే లైసెన్సు లేదు, ఓటు లేదు. అందుకని టెక్సస్‌లో లివింగ్‌స్టన్ అనే చిన్న ఊళ్ళో సభ్యుల ఉత్తరాలు అందుకొని వాళ్ళు ఎక్కడుంటే అక్కడికి పంపే ఏర్పాటు చేశారు. తర్వాత అసలు సమస్య వచ్చింది. సభ్యులు ముసలివాళ్ళయ్యారు, స్టీరింగ్ పట్టలేని రోజులు వచ్చాయి. 1990లలో అదే ఊళ్ళో కేర్ అని ఒక కేంద్రం పెట్టారు. బండి తెచ్చి అక్కడ నిలుపుకోవచ్చు. అది ఇక కదలదు, కానీ ఉండేది సొంత మంచం మీదే. మూడు పూటలా భోజనం వండి పెడతారు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, పగలు చూసుకొనే మనుషులుంటారు. పక్క బండిలో ఉన్నది ఇరవై ఏళ్ళుగా తెలిసినవాళ్ళే. మనలో ఇప్పుడిప్పుడే తెలుగువాళ్ళ రిటైర్మెంట్ కాలనీలంటూ కాగితాల మీద ప్లాన్లు గీస్తున్నారు. పీటర్సన్ దంపతులు ముందు మనుషుల్ని కూడగట్టారు, స్థలం తర్వాత కొన్నారు. మనం స్థలంతో మొదలుపెడుతున్నామేమో అని నా అనుమానం.

కోవిడ్ తర్వాత ఈ బండ్లకి గిరాకీ పెరిగి 2021లో 6 లక్షలకి పైగా తయారయ్యాయి. అద్దెకి కూడా సులువుగా దొరుకుతున్నాయి. మొన్న వసంతంలో మాకు పెద్దదిక్కు లాంటి బాబాయిగారు, డెబ్భైలలో ఈ ప్రాంతానికి వచ్చిన ఇంజనీరు, ఆరు జంటల్ని పోగుచేసి మూడు మోటర్‌హోమ్‌లు తీసుకొని జోర్డాన్ లేక్‌కే వెళ్ళారు. మొదటిరోజు పొద్దున్నే కరెంటు పోయింది. 30 ఆంప్స్, 120 వోల్టులు, అంటే 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ మూడూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడుతుంది. అయిదుగురు ఇంజనీర్లున్న గుంపుకి ఇది తేలడానికి గంట పట్టిందట. ఈలోగా ఆడవాళ్ళు బయట గ్యాసు పొయ్యి మీద ఉప్మా చేసేశారు.

ఈ అక్టోబరుకి మళ్ళీ బుక్ చేశారు. ఈసారి అయిదు జంటలు, ఒక ఆంటీగారు. వేసవిలో అంకుల్‌గారు పోయారు. జంటల మధ్య నేనెందుకు, రానని ఆవిడ అన్నారు. పిన్నిగారు మూడుసార్లు ఇంటికెళ్ళి ఒప్పించారు. ఇప్పుడు ఆదివారాలు ఖాళీ పార్కింగ్ లాట్‌లో బాబాయిగారు ఆవిడకి పెద్ద వ్యాను మీద రివర్స్ నేర్పుతున్నారు. ఆయన కంటే ఓపిక ఉన్న మేష్టారు దొరికి ఉంటే బాగుండేదని పిన్నిగారి అభిప్రాయం. అందుకని వెనక నిలబడి సైగలు ఆవిడే చేస్తున్నారు.