అమెరికా స్కూల్‌లో పిల్లాడిని సస్పెండ్ చేశారా? ఈ 10 రోజుల రూల్ తెలుసుకోండి

ఆటిజం, ఏడీహెచ్‌డీ లాంటి సమస్యలున్న పిల్లలు క్లాసులో గొడవ చేశారని ఇంటికి పంపేస్తే? అమెరికా ప్రభుత్వ స్కూళ్లలో స్పెషల్ ఎడ్యుకేషన్ ప్లాన్ (ఐఈపీ) ఉన్నవారికి 'ఐడియా' అనే ఫెడరల్ చట్టం అండగా ఉంటుంది. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇది వర్తిస్తుంది. వీసాతో సంబంధం లేదు.

10 స్కూల్ రోజుల వరకు మిగతా విద్యార్థుల్లాగే సస్పెండ్ చేయొచ్చు. వరుసగా 10 రోజులు దాటితే మాత్రం, ఆ నిర్ణయం తీసుకున్న 10 స్కూల్ రోజుల్లోగా తల్లిదండ్రులతో కలిసి మీటింగ్ పెట్టాల్సిందే. అక్కడ తేల్చేవి రెండే ప్రశ్నలు.

* ఆ ప్రవర్తనకు వైకల్యమే కారణమా?
* ఐఈపీని స్కూల్ సరిగ్గా అమలు చేయకపోవడం వల్ల జరిగిందా?

ఏ ఒక్కదానికి 'అవును' అని తేలినా సాధారణంగా పిల్లాడిని పాత క్లాసుకే తీసుకోవాలి. 'కాదు' అని తేలితే అందరిలాగే శిక్ష ఉంటుంది, కానీ చదువు మాత్రం ఆపకూడదు.

ఆయుధాలు, డ్రగ్స్, తీవ్ర గాయాల కేసుల్లో కారణం ఏదైనా సరే 45 స్కూల్ రోజుల వరకు వేరే చోటికి పంపొచ్చు. నిర్ణయం నచ్చకపోతే తల్లిదండ్రులు త్వరితగతి విచారణ కోరవచ్చు.

అసలు చిక్కు రోజుల లెక్కలోనే ఉంది. 'వచ్చి తీసుకెళ్లండి' అంటూ స్కూల్ ఫోన్ చేసి పంపేసిన పూటలు కాగితం మీద సస్పెన్షన్‌గా కనిపించవు. పదే పదే అలా జరిగితే అవి కూడా లెక్కలోకి రావచ్చు. అందుకే తేదీ, టైమ్, చెప్పిన కారణం రాసిపెట్టుకోవాలి. మెయిల్‌లో అడిగి తీసుకుంటే ఇంకా మంచిది.