మన మూడు తాలూకాల్లో వసంతం: నంది తేరు నుంచి దీపాల దాకా

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లోని తెలుగు ఇళ్ళలో ఈ కాలం పండుగలు అచ్చం ఆంధ్రలో జరిగినట్టూ ఉండవు, మైసూరు వైపు జరిగినట్టూ ఉండవు. తరతరాలుగా మనకంటూ ఒక పద్ధతి ఏర్పడింది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదువుకున్న మన పిల్లలకు పండుగలు తెలుసు గానీ వాటి మాటలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. బెంగళూరులో కాపురాలున్నవాళ్ళు హొసతొడకు అంటే ఏమిటని, తంబిట్టు ఎలా చేస్తారని మమ్మల్ని అడుగుతూనే ఉంటారు. అందుకే తెలిసినంతవరకు ఇక్కడ రాసి పెడుతున్నాం.

పంచాంగం ప్రకారం వసంతం చైత్రంలో మొదలవుతుంది. మన పల్లెల లెక్క మాత్రం శివరాత్రి నుంచే. ఆ మరుసటి రోజు నంది గ్రామంలో భోగనందీశ్వరుని తేరు లాగుతారు. ఆ గుడి మొదలు 9వ శతాబ్దం నాటిది. మనం రథం అనం, తేరు అనే అంటాం. అరటిపండుకు దవనం గుచ్చి తేరు మీదికి విసరడం మొక్కు. కొత్తగా పెళ్ళయిన జంటను ఆ ఏడు తేరుకు తీసుకుపోవడం పెద్దల పట్టుదల.

ఫాల్గుణ పౌర్ణమికి పల్లెల్లో కాముణ్ణి కాలుస్తారు. దానికి కట్టెలూ పిడకలూ దొంగిలించి తెచ్చే హక్కు పిల్లలకు ఆ ఒక్క రాత్రికి ఉంటుంది. తిట్టేవాళ్ళు కూడా నవ్వుతూనే తిడతారు. అదే పౌర్ణమికి చింతామణి తాలూకా కైవారంలో తాతయ్య జయంతి. యోగి నారేయణ అని పిలిచే కైవారం తాతయ్య గాజులమ్ముకుని బతికినవాడు. తెలుగులోనూ కన్నడంలోనూ పదాలు చెప్పాడు. ఈ జయంతిని ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వమే జరుపుతోంది. ఇక్కడి భక్తులు చాలామంది ఆయన తెలుగు పదాలను కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకాల్లో చూసి పాడతారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర మళ్ళీ వస్తుంది.

ఇక ఉగాది. కోస్తా వైపు కొత్త చింతపండు, మామిడికాయ, బెల్లం, ఉప్పు, కారం, వేపపువ్వు కలిపి ఆరు రుచుల పచ్చడి చేస్తారు. మన పాత ఇళ్ళలో వేపపువ్వు, లేత వేపాకు, బెల్లం, కొన్నిచోట్ల కాస్త పుట్నాల పొడి, అంతే. దాన్నే కన్నడంలో బేవు-బెల్ల అంటారు. టీవీలు వచ్చాక పచ్చడి కూడా చాలా ఇళ్ళకు చేరింది. ఏది అసలైనదని తగవులాడటం అనవసరమని మా అభిప్రాయం. గుళ్ళో పంచాంగం కన్నడంలో అచ్చయింది ఉంటుంది, అయ్యవారు చెప్పేది తెలుగులో ఉంటుంది. వినేవాళ్ళకు తేడా తెలియదు.

వంట ఒబ్బట్లు. ఓళిగలన్నా అవే. పూర్ణానికి మన వైపు ఎక్కువగా కందిబేడలే వాడతారు, శనగబేడలు తక్కువ. బేడలు మరీ మెత్తబడక ముందే దించి నీళ్ళు వంచాలి. ఆ నీళ్ళు పారబోసిన కోడలు ఏడాదంతా మాట పడుతుంది, ఎందుకంటే ఒబ్బట్టు సారు దానితోనే. వేయించిన ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఎండుమిర్చి, కొబ్బరి రుబ్బి, చింతపులుసు, చారెడు పూర్ణం వేసి మరగబెట్టాలి. పండుగ నాటికంటే మరుసటి పొద్దున వేడి చేసి అన్నంలో పోసుకుంటేనే దాని రుచి. బెంగళూరు పిల్లలు ఒబ్బట్లు దుకాణంలో కొనుక్కోగలరు, సారు మాత్రం ఎవరూ అమ్మరు. నేర్చుకోవలసింది అదే.

సాయంత్రం నెలవంకను చూసి పెద్దల కాళ్ళకు మొక్కాలి. మబ్బు పట్టి కనబడకపోతే మరుసటి రోజు చూస్తారు. ఆ మరుసటి రోజే హొసతొడకు. మాంసం తినే ఇళ్ళన్నింటిలో ఆ రోజు పొయ్యి మీద మాంసం సారు, రాగిముద్ద. కొన్ని ఊళ్ళలో దీనికోసం ఏడాది పొడుగునా చీటీ కడతారు. నెలకింత అని వేసుకుని, పండక్కి పొట్టేళ్ళు కొని, ఆకుల మీద వాటాలు కుప్పలుగా పోసి పంచుకుంటారు. కూలికి పోయే ఇంటికైనా, భూమి ఉన్న ఇంటికైనా చీటీ కట్టినవాళ్ళకు వాటా ఒక్కటే. అంగడిలో మాంసం ధర పెరిగే కొద్దీ ఈ చీటీల విలువ తెలుస్తోంది.

శ్రీరామనవమికి పానకం, నీళ్ళమజ్జిగ, కోసంబరి. నానబెట్టిన పెసరుబేడల్లో దోసకాయ, మామిడి తురుము, కొబ్బరి కలిపితే కోసంబరి. ఆంధ్రలో వడపప్పు అనేది దీనికి అక్కలాంటిది.

పండుగల మధ్య పని ఆగదు. పాత కోలారు జిల్లాకు పాలు, పట్టు, బంగారం అని పేరు. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా విడిపోయినప్పుడు బంగారం అటు పోయింది, పాలూ పట్టూ మనకూ మిగిలాయి. పొద్దున, సాయంత్రం డైరీకి పాలు పోయాలి. పట్టుపురుగు గుడ్డు పగిలిన దగ్గర్నుంచి గూడు కట్టడానికి సుమారు 25 రోజులు పడుతుంది. మధ్యలో నాలుగు జ్వరాలు, అంటే మేత మాని పొర విడిచే రోజులు. నాలుగో జ్వరం లేచాక తినే ఆకే మొత్తం మేతలో 80 శాతం పైన. ఆ వారంలో పండుగ పడిందంటే ఇంట్లో సగం మంది తేరుకు పోరు. చుట్టాలను పురుగుల గదిలోకి రానివ్వరు, తిరగమాత ఘాటు అటు పోనివ్వరు, ఎండకు గోనెపట్టలు తడిపి కట్టాలి. గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయి డబ్బు చేతికొచ్చాకే అసలు పండుగ అని చాలా ఇళ్ళలో అనుకుంటారు. చైత్రంలో బోరు ఎండితే మల్బరీ ఎండుతుంది, అప్పుడు అదీ ఉండదు.

ఇదే కాలంలో చింతపండు దిగుతుంది. అరుగుల మీద కూర్చుని కొట్టి, పిక్కలు తీసి, ఉప్పు వేసి కుండలకెత్తుతారు. అన్నట్టు, చింతామణికీ చింతచెట్టుకూ సంబంధం లేదు. ఆ ఊరి పేరు చింతామణిరావు అనే మరాఠా నాయకుడిదని చెబుతారు.

పొలం పని తగ్గాక ఊరి దేవతల జాతరలు. గంగమ్మకో, మారెమ్మకో ఆడవాళ్ళు దీపాలు మోస్తారు. బియ్యం నానబెట్టి, నీడన ఆరబెట్టి, దంచి, బెల్లం కలిపి ముద్ద చేస్తే తంబిట్టు. దాన్ని ప్రమిదలా గుంట చేసి నేతివత్తి వెలిగించి, పూలు కట్టిన పళ్ళెంలో పెట్టి తల మీద ఎత్తుకుని తమటెల వెంట గుడికి నడుస్తారు. పూజయ్యాక ఆ దీపాన్నే విరిచి ప్రసాదంగా తింటారు. మిక్సీ పిండితో చేస్తే దారిలోనే బీటలు వారుతుందని పెద్దవాళ్ళు చెబుతారు.

దీపాలు మోసేటప్పుడు పాడే తెలుగు పాటలు వచ్చినవాళ్ళు ఇప్పుడు ఊరికి ఇద్దరో ముగ్గురో. అందరూ ముసలివాళ్ళే. వాళ్ళ మనవరాళ్ళకు తెలుగు అక్షరాలు రావు, కాబట్టి రాయలేమంటున్నారు. కైవారం పదాలు కన్నడ లిపిలో బతికినప్పుడు ఈ పాటలు ఎందుకు బతకవు? కన్నడ లిపిలోనే రాయండి. రాసేటప్పుడు పాట పక్కన ఊరి పేరు, ఏ అమ్మవారికి ఏ నెలలో పాడతారో, పాడినావిడ ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా రాయండి. పల్లవి ఒక్కటే గుర్తున్నా రాసి సంఘానికి ఇవ్వండి, పక్క ఊళ్ళో చరణాలు దొరకవచ్చు.