చాచా అంటే ఎవరు? పాతబస్తీ బాలకార్మికుల కేసుల్లో చుట్టరికపు మాటలు, సామాజిక కార్యకర్తల శిక్షణ

2015 జనవరిలో హైదరాబాద్ దక్షిణ మండల పోలీసులు భవానీనగర్, తలాబ్‌కట్ట వైపు గల్లీలను చుట్టుముట్టి సోదాలు చేసినప్పుడు రెండు వందల పైచిలుకు పిల్లలు బయటపడ్డారు. ఎక్కువమంది బిహార్ వాళ్లు. గాలి ఆడని గదుల్లో గాజులకు రాళ్లు అతికిస్తున్నారు. అదే నెలలో కేంద్ర హోంశాఖ 'ఆపరేషన్ స్మైల్' మొదలుపెట్టింది, జూలైలో 'ఆపరేషన్ ముస్కాన్' వచ్చింది. అప్పటి నుంచి తెలంగాణలో ఇది ఏడాదికి రెండు పంటల్లా సాగుతోంది. ఎంతమంది పిల్లల్ని కాపాడారో మర్నాడు పేపర్లో పడుతుంది. ఆ పిల్లలతో ఎవరు, ఏ భాషలో, ఏం మాట్లాడారన్నది ఎక్కడా పడదు. ఈ వ్యాసం పట్టించుకునేది ఆ మాటలనే.

నా వాదన చిన్నది. పాతబస్తీలో పిల్లల బేరం చాలాసార్లు చుట్టరికం ముసుగు వేసుకుని వస్తుంది. కార్ఖానాలో దాని పేరు చాచా, నిఖా (పెళ్లి) దగ్గర దాని పేరు దుల్హా (పెళ్లికొడుకు). ఆ పిలుపు వెనక చేతులు మారిన డబ్బును పసిగట్టే చెవి సామాజిక కార్యకర్తకు ఉండాలి. మన శిక్షణ సెక్షన్లు బాగానే వల్లె వేయిస్తుంది. చెవిని తయారు చేయడం దగ్గరే కుంటుపడుతోంది.

లక్క, రాయి, వేలు

చార్మినార్ పక్కనున్న లాడ్‌బజార్‌లో పెళ్లికూతురు జత గాజులు చేతికెక్కించుకుని చూసుకుంటుంది. ఆ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తయారీ చూడ్డానికి తేలిక. లక్కను సెగ మీద మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, లోహపు వలయానికి అంటించి, గుండ్రంగా సరిచేస్తారు. ఆ తర్వాత రాళ్లు, అద్దపు తునకలు ఒక్కొక్కటిగా వరసలో పొదగాలి. ఒక్క గాజు మీద పదుల కొద్దీ రాళ్లు. పొద్దుటి నుంచి రాత్రి దాకా తల వంచుకుని ఇదే పని చేస్తే మెడ, కళ్లు, వేళ్ల కొసలు ఏమవుతాయో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

'పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, అందుకే ఈ పని వాళ్లకే నప్పుతుంది' అనే మాట ఈ వ్యాపారంలో తరచూ వినిపిస్తుంది. శుద్ధ అబద్ధం. ఈ కళలో పేరున్న ఉస్తాదులంతా పెద్దవాళ్లే. పిల్లవాడి వేలి కన్నా అతని కూలి సన్నం, అసలు సంగతి అది.

1986 బాలకార్మిక చట్టం తొలి జాబితాలోనే షెల్లాక్ తయారీ, అంటే లక్క తయారీ, నిషిద్ధ పనుల్లో ఉంది. అయితే తయారైన గాజుకు రాయి అతికించడం లక్క తయారీ కిందికి వస్తుందా అని అప్పట్లో వాదించడానికి వకీళ్లకు సందు ఉండేది. 2016 సవరణ, అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి, ఆ సందును మూసింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఏ పనిలోనూ ఉండకూడదంది. పోలీసులు నేరుగా కేసు పెట్టగల నేరంగా మార్చింది, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు అంది. ఒక సందు మూస్తూ ఇంకొకటి తెరిచింది. అక్కడే మన చాచా ప్రవేశిస్తాడు.

చాచా

సవరించిన చట్టం ప్రకారం బడి వేళల తర్వాతో సెలవుల్లోనో పిల్లలు కుటుంబానికి, కుటుంబ వృత్తికి సాయపడవచ్చు, ఆ పని ప్రమాదకరమైనది కాకపోతే. కుటుంబం అంటే ఎవరు? తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో ఆగలేదు. తండ్రి తోబుట్టువులు, తల్లి తోబుట్టువులు కూడా కుటుంబమేనని వివరణలో రాశారు. అంటే ఉర్దూలో చాచా, ఫుప్పీ, మామూ, ఖాలా. మన మాటల్లో బాబాయి, మేనత్త, మేనమామ, పిన్ని. చట్టం రాసినవాళ్ల మనసులో చేనేత మగ్గం పక్కన నూలు చుట్టే పిల్లవాడు ఉండి ఉంటాడు. పాతబస్తీ కార్ఖానాలో మాత్రం ఊరి నుంచి పిల్లల్ని తెచ్చినవాడూ చాచాయే, అన్నం పెట్టేవాడూ చాచాయే, కొట్టేవాడూ చాచాయే.

మనం మాత్రం ఆటో అతన్ని బాబాయ్ అనమా, కూరలమ్మే ఆమెను అక్కా అనమా? పిలుపు వేరు, చుట్టరికం వేరు అని మన వీధిలో మనకు తెలుసు. మగహీ మాట్లాడే గయ జిల్లా పిల్లవాడి విషయంలో ఆ తేడా మరిచిపోతాం.

తరగతిలో నేను విద్యార్థులతో ఒక సన్నివేశం ఆడిస్తుంటాను. ఒకరు పదకొండేళ్ల పిల్లవాడు, ఒకరు కార్యకర్త. 'ఎవరితో వచ్చావ్?' 'చాచాతో.' కార్యకర్త కలం కదులుతుంది: 'చిన్నాన్నతో కలిసి వచ్చాడు, చిన్నాన్న దగ్గరే ఉంటున్నాడు.' వాక్యంలో ఒక్క తప్పు లేదు, వ్యాకరణం కూడా బాగుంది. కానీ మర్నాడు అదే చాచా ఆధార్ కార్డు పట్టుకుని బాలల సంక్షేమ కమిటీ ముందు నిలబడి 'పిల్లవాడిని నాకప్పగించండి సార్' అంటే, అతని వాదనకు మొదటి సాక్ష్యం మన కార్యకర్త రాసిన వాక్యమే అవుతుంది.

రెండోసారి ఆడించేటప్పుడు ఒక షరతు పెడతాను: చుట్టరికాన్ని చుట్టరికంతోనే విప్పాలి, 'నిజం చెప్పు' అనకూడదు. కాసేపు తడబడ్డాక మంచి ప్రశ్నలు వాళ్లకే తడతాయి. మీ నానమ్మ ఆయన్ను ఏమని పిలుస్తుంది? మీ నాన్న పెద్దా, ఆయన పెద్దా? పోయిన పండక్కి ఆయన ఎవరింట్లో తిన్నాడు? మీ ఇంటి నుంచి ఆయనింటికి ఎటు పోవాలి? నానమ్మ ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదని పిల్లవాడు చెప్పిన క్షణాన చాచా అనే పదం దానంతటదే ఊడిపోతుంది. పిల్లవాడు అబద్ధం ఆడలేదు, మనమూ అతన్ని అబద్ధాలకోరును చేయలేదు.

ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. 'పేష్గీ ఎంత?' బయానా, అడ్వాన్సు, పేష్గీ, ఏ పేరుతోనైనా ముందుగా ఇంట్లో ఎవరి చేతిలో డబ్బు పడిందన్నది తేలాలి. అది తేలితే కేసు బాలకార్మిక చట్టంతో ఆగదు, 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దాకా పోతుంది. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకున్న పని బలవంతపు చాకిరేనని సుప్రీంకోర్టు 1982లో, ఆసియాడ్ కూలీల కేసులో, చెప్పింది. బలవంతపు చాకిరీ రుజువైతే దాని వెనక అడ్వాన్సు ఉందనే భావించాలని 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో అంది. పిల్లవాడికి ఈ తేడా ఎంత విలువైనదో లెక్కల్లో చూడండి. బాలకార్మికుడిగా నమోదైతే అతని పేర పునరావాస నిధిలో ప్రభుత్వం వేసేది 15,000 రూపాయలు, యజమాని కట్టే జరిమానా అదనం. విడుదల పత్రం చేతికొచ్చిన వెట్టి బాలుడికి 2016 కేంద్ర పథకం కింద నిర్ణయించిన సాయం 2 లక్షలు. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క ప్రశ్న. దాన్ని ఎవరు అడిగారు, అడిగినప్పుడు గది గుమ్మంలో ఎవరు నిలబడి ఉన్నారు అనేవి శిక్షణలో చర్చకు రావలసిన సంగతులు.

వయసు దగ్గర కూడా ఇదే తంతు. 'పద్దెనిమిది' అని ముందే నేర్పి ఉంచుతారు. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ చెప్పే వరస వేరు: ముందు బడి సర్టిఫికెట్, అది లేకుంటే మున్సిపాలిటీ, పంచాయతీల జనన పత్రం, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ జాబితాలో ఆధార్ లేదు. బడి పేరు అడిగితే పిల్లవాడు సారు పేరు చెబుతాడు, సారు పేరుతో ఊరు దొరుకుతుంది, ఊరితో రిజిస్టరు దొరుకుతుంది.

దుల్హా

ఆడపిల్లల వైపు చుట్టరికం ముసుగు ఇంకా మందం. 1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో పాతబస్తీకి చెందిన పదేళ్ల పిల్ల ఏడుస్తూ కూర్చుంది. పక్కన అరవై ఏళ్ల సౌదీ దేశస్థుడు, కాగితాల మీద ఆమెకు భర్త. ఆ ఏడుపు పట్టించుకుని పలకరించినది విమాన సహాయకురాలు. ఆమెకు సామాజిక సేవలో డిగ్రీ ఉన్నట్టు ఎవరూ రాయలేదు. గల్లీ నుంచి విమానం మెట్ల దాకా ఆ పిల్లను చూసినవాళ్లకు పెళ్లి కనిపించింది, ఆమెకు పిల్ల కనిపించింది. ఇరవై ఆరేళ్ల తర్వాత, 2017 సెప్టెంబరులో, అదే దక్షిణ మండల పోలీసులు ఒమన్, ఖతార్ దేశస్థులను, దళారులను, ఖాజీలను కలిపి అరెస్టు చేశారు. పద్ధతి పెద్దగా మారలేదు.

కార్యకర్త తన నివేదికలో 'మైనర్ బాలిక వివాహం' అని రాస్తే ఆ కేసు కుటుంబ సమస్యగా మొదలవుతుంది. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం 12వ సెక్షన్ వేరే దారి చూపిస్తుంది. మైనర్‌ను పెళ్లి పేరుతో అమ్మినా, పెళ్లి చేసి ఆ తర్వాత అమ్మినా, రవాణా చేసినా ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదు. అంటే అక్కడ దుల్హా అనే మనిషే లేడు, కొన్నవాడు ఉన్నాడు. ఈ సెక్షన్ తెలిసిన కార్యకర్త అడిగే ప్రశ్నలు మహర్‌తో (పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇచ్చే సొమ్ముతో) ఆగవు. దళారికి ఎంత ముట్టింది, హోటల్ గది ఎవరి పేరున ఉంది, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంది అన్న చోటికి పోతాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఇది ఒక మతం ఆచారమని తరగతిలో ఎవరైనా అంటే అక్కడే ఆపాలి. ఇక్కడ సరుకు పేదరికం, మతం దాని మీద చుట్టిన కాగితం.

ఎవరు నేర్పుతున్నారు

తెలుగు నేల మీద ఈ విద్యకు గట్టి పునాది వేసినది విశ్వవిద్యాలయాల కన్నా ముందు ఎం.వి. ఫౌండేషన్ అంటాను. 1981లో మామిడిపూడి వెంకటరంగయ్య స్మృతిలో ఏర్పడిన ఆ సంస్థ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లల్ని పని నుంచి బడికి మళ్లించింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే అనే నిర్వచనంతో మొదలుపెట్టి, ఊరి యువకులనే కార్యకర్తలుగా తీర్చిదిద్దింది. సంస్థ సారథి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు రావడం, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలు కావడం ఆ కృషి కొనసాగింపే. 2001 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 13.6 లక్షల బాలకార్మికులు, ఉత్తరప్రదేశ్ తర్వాత మనదే రెండో స్థానం. ఆ రోజుల్లో ఈ పని ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

కానీ ఆ నమూనాను యథాతథంగా తలాబ్‌కట్టకు తేలేం. ఆ పల్లెల్లో తల్లి, బడి, పొలం, సర్పంచి అందరూ ఒకే ఊళ్లో ఉన్నారు. ఇక్కడ పని చార్మినార్ దగ్గర, తల్లి గయ దగ్గర. ఊరి యువకుడి బలం అతనికి అందరూ తెలిసి ఉండటం. పాతబస్తీ కార్యకర్తకు గల్లీ తెలిసినా పిల్లవాడి ఊరు తెలియదు.

భాష సంగతి కూడా చూడాలి. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలోనే సామాజిక సేవ బోధిస్తారు. దేశంలో అరుదైన ఈ సౌకర్యం మన నగరంలోనే ఉంది, నగరానికి ఆ చివర గచ్చిబౌలిలో. రోడా మిస్త్రీ కళాశాల కూడా అటువైపే. ఉస్మానియా విశ్వవిద్యాలయం పాతబస్తీకి కాస్త దగ్గర. ఈ మూడు చోట్లా దక్కనీ వచ్చినవాళ్లు ఉన్నారు. 'నక్కో', 'హౌ' అనే మన దక్కనీకీ, పిల్లవాడి మగహీకీ మధ్య దూరం ఎంతో తెలియక ఇద్దరం హిందీ మాట్లాడుకున్నామనే భ్రమలో ఇంటర్వ్యూ ముగుస్తుంది. నగరంలో బిహారీ కూలీలు వేల మంది ఉన్నారు. వాళ్లలో నలుగురు పెద్దలను దుభాషీలుగా తయారు చేసుకోవడం ఏ కళాశాలకూ అసాధ్యం కాదు. ఆ నలుగురిలో ఎవరికీ కార్ఖానాలతో లావాదేవీలు లేవని ముందు తేల్చుకోవాలి, అంతే.

ఇంత చెప్పాక మనుషుల లెక్క చూస్తే నవ్వొస్తుంది. 2009లో మొదలై ఇప్పుడు మిషన్ వాత్సల్యగా నడుస్తున్న పథకం ప్రమాణాల ప్రకారం జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి సామాజిక కార్యకర్తలు ఇద్దరు, ఔట్‌రీచ్ వర్కర్లు ఇద్దరు. హైదరాబాద్ జిల్లా జనాభా 2011లోనే 39 లక్షలు. రెండు వందల మంది పిల్లలు ఒకే తెల్లవారుజామున వస్తే, ఇరవై నాలుగు గంటల్లో అందరినీ కమిటీ ముందు హాజరుపరచాలి, పదిహేను రోజుల్లో ఒక్కొక్కరికీ సామాజిక విచారణ నివేదిక రాయాలి. ఆ నివేదికకు నమూనా ఫారం 22. పేజీల కొద్దీ గళ్లు. టిక్కులు పెట్టుకుంటూ పోతే ఎంతసేపూ పట్టదు, పిల్లవాడితో మాట్లాడితే పూట పడుతుంది. అందుకే ఎంఎస్‌డబ్ల్యూ (సామాజిక సేవ పీజీ) విద్యార్థుల ఫీల్డ్‌వర్క్‌ను జనవరి, జూలైలకు ముడిపెట్టాలంటాను. దాడులు ఆ నెలల్లో జరుగుతాయని అందరికీ తెలుసు (కార్ఖానాల వాళ్లకు ఇంకా బాగా తెలుసు). విద్యార్థులు తమ అధ్యాపకుల అజమాయిషీలో, కమిటీ అనుమతితో, గోప్యతకు మాటిచ్చి కమిటీ విచారణ బల్లల దగ్గర కూర్చుంటే పూటకు కొందరు పిల్లలతోనైనా తీరిగ్గా మాట్లాడొచ్చు.

తిరిగి పంపడం అనే ఘట్టం ఇంకా బలహీనం. పిల్లవాడిని ఇంటికి పంపేముందు అతని జిల్లా నుంచి ఇంటి పరిస్థితుల నివేదిక తెప్పించుకోవాలి. పేష్గీగా తీసుకున్న అప్పు అలాగే ఉంటే, బండి దిగిన పిల్లవాడు ఈసారి జైపూర్ గాజుల కార్ఖానాకు పోతాడు. ఆ నగరంలోనూ గయ చుట్టుపక్కల పిల్లలే దొరుకుతున్నారు. అప్పు సంగతి ఇక్కడ రాసుకోకపోతే అక్కడి అధికారి దేన్ని వెతకాలి?

కేసులు సంవత్సరాల తరబడి నడుస్తాయి. ఇంతకుముందు సాక్ష్యం చెప్పడానికి బిహార్ నుంచి పిల్లవాడిని రప్పించాలి, రాకపోతే కేసు అక్కడితో సరి. 2022లో సుప్రీంకోర్టు రవాణా బాధిత పిల్లల సాక్ష్యాన్ని వాళ్ల సొంత జిల్లా నుంచే వీడియోలో నమోదు చేసే పద్ధతికి ఆమోదం తెలిపింది. గయలో ఒక గది, హైదరాబాద్‌లో ఒక కోర్టు హాలు, మధ్య తెర. తెర మీద ఇప్పుడు మీసకట్టు వస్తున్న కుర్రవాడు. ముద్దాయి తరఫు వకీలు మొదట అడిగేది ఏమిటో ఊహించవచ్చు: 'ఈయన నీకేమవుతాడు?' పాత అలవాటు కొద్దీ కుర్రవాడి నోటి నుంచి 'చాచా' అని వస్తుంది. ప్రాసిక్యూటర్ ఫైలు ముందుకు లాక్కుని, ఏళ్ల కిందట ఎవరో రాసిన ఫారం 22లో ఆ మాట పక్కన ఏం రాసి ఉందా అని పేజీలు తిరగేస్తాడు.