చెన్నపట్టణపు వృక్షశాస్త్ర గ్రంథములలో ఇరువురు తెలుగు చిత్రకారులు

తంజావూరు నాయకరాజుల కాలమునుండి తమిళదేశమున స్థిరపడిన తెలుగువారిలో చిత్రలేఖనము కులవిద్యగా గల కుటుంబములు కొన్ని కలవు. వారు దేవతల పటములకు బంగారురేకు నద్దిన కథ పలువు రెఱిగినదే. అట్టి తెలుగు చిత్రకారులే రంగయ్య, గోవిందు. వీరు కుంపిణీ కాలమున వ్రాసినవి దేవతల పటములు కావు, మొక్కల చిత్రములు.

స్కాట్లండు దేశీయుడు రాబర్టు వైటు 1819లో కుంపిణీ వైద్యుడుగా చెన్నపట్టణమునకు వచ్చెను. 1826లో ఆయనకు ప్రభుత్వ ప్రకృతిశాస్త్రజ్ఞుని పదవి లభించెను. రెండేండ్లకే ఆ పదవి రద్దయ్యెను. నాగపట్టణమునకు వైద్యుడుగా పోవలసివచ్చినను వైటు తన చిత్రకారుని విడువలేదు. రంగయ్య చిత్రములు అక్కడినుండి గ్లాస్గోలోని ఆచార్య హుకరునకు చేరి అచ్చయ్యెను.

ఈ పని సామాన్యమైనది కాదు. కోసి తెచ్చిన కొమ్మ వాడకమునుపే దాని తీరును, ఆకు ఈనెలను పట్టుకొనవలెను. పిదప పువ్వును విప్పి, కేసరములను, అండాశయమును, గింజను సూక్ష్మదర్శినిలో చూచి, పెంచిన కొలతలో పక్కనే వ్రాయవలెను. అందమునకై ఒక రేకు ఎక్కువ వేసినచో శాస్త్రము తప్పును. సంప్రదాయపు చేతికి ఇది క్రొత్త శిక్ష. వైటు 1838 మొదలు 1853 వఱకు ఆఱు సంపుటములుగా వెలువరించిన ‘ఐకోనెస్’ గ్రంథమున 2101 పలకలు కలవు. 1845 ప్రాంతమువఱకు రంగయ్య, అటుపిమ్మట గోవిందు ఆయనకు ప్రధాన చిత్రకారులు. వైటు స్వదేశమునకు మరలిన తరువాత గోవిందు అటవీశాఖాధిపతి క్లెగ్‌హార్నుకును చిత్రములు వ్రాసెను.

దొరల ఉద్యోగములు, బదిలీలు, సెలవులు తేదీలతో సహా దొరకుచున్నవి. ఈ చిత్రకారుల ఊరుగాని, పుట్టిన యేడుగాని ఆ గ్రంథములలో లేవు. పలక అడుగున ఆంగ్లాక్షరములతో చిన్న పేరు మాత్రము నిలిచినది. అదియైనను వేయుట వైటు ఔదార్యమే. ఆనాటి కుంపిణీ చిత్రకారులలో పెక్కుమందికి ఆ మాత్రమును దక్కలేదు.

1853లో వైటు ఒక భూమిజ ఆర్కిడు ప్రజాతికి చిత్రకారుని పేర ‘గోవిందూయియా’ అని నామకరణము చేసెను. రాజులకును, గవర్నరులకును, పండితులకును దక్కుచుండిన గౌరవమది. కాని ఆ మొక్క 1833లోనే లిండ్లీ ‘ట్రొపిడియా’ అని పేరిడిన ప్రజాతికి చెందినదని తేలెను. ముందు పెట్టిన పేరే చెల్లుట శాస్త్రనియమము. గోవిందు పేరు పర్యాయనామముల పట్టికలో మిగిలినది. ఇరువురి మూలచిత్రములు వందలకొలది ఎడింబరో వృక్షోద్యానమున భద్రముగా నున్నవి. 2007లో హెన్రీ నోల్టీ వాటిపై వెలువరించిన గ్రంథపు శీర్షికలో వైటు పేరుతోపాటు రంగయ్య, గోవిందుల పేర్లును ఎక్కినవి.