బొర్రా కొండా, ఒక్క మాటా

మాది ఎస్.కోట. సర్వేయరుగా చేసి రిటైరయ్యాను. చట్టం చదువుకున్నవాణ్ణి కాదు. నాకు తెలిసిందల్లా 66 అడుగుల గొలుసు, దాని 100 లింకులు, ఎఫ్.ఎం.బి. అనే కొలతల పుస్తకంలో గీతలు. అయినా ఒక సుప్రీంకోర్టు తీర్పు మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. జిరాక్సు తీయించి, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివితే నాలుగు నెలలు పట్టింది. ఆ తగాదా నడిచిన కొండల్లో గొలుసు లాగినవాళ్లలో నేనూ ఒకణ్ణి మరి.

అనంతగిరి మండలం అప్పట్లో విశాఖ జిల్లా. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. కిరండూల్ రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ బొర్రా గుహలు చూసొచ్చే జనానికి ఆ కొండలు బాగానే తెలుసు. ఆ లైను మాత్రం వాళ్ల కోసం వేసింది కాదు. బైలడిల్లా ఇనుప రాయిని విశాఖ రేవుకు దించి జపాను పంపడానికని 1960లలో వేశారు. గుహల్ని జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ 1807లో కనిపెట్టాడని అక్కడ చెబుతుంటారు. ఆ సర్వే సంస్థ పుట్టిందే 1851లో! కింగ్ అనే మనిషి నిజంగానే ఉన్నాడు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ తీసింది ఆయనే. తేదీ ఒక్కటే ఎవరో తప్పు రాశారు, తరవాత అందరూ దాన్నే దించుకున్నారు. రికార్డుల్లో పనిచేసినవాడికి ఇందులో వింతేమీ కనబడదు.

గుహలు సున్నపురాయివి. చుట్టుపక్కల కొండల్లో కాల్సైటు, అభ్రకం దొరుకుతాయి. 1988 ప్రాంతంలో కాల్సైటు లీజుకి ఎవరో దరఖాస్తు పెడితే హద్దులు చూపించి రమ్మని నన్ను పంపారు. జీపు ఆగిపోయిన చోటి నుంచి గెడ్డ వెంట నడక. వెంట ఇద్దరు చైన్‌మాన్లు. వాలు మీద గొలుసు నేలకి పరిచి కొలిస్తే తప్పు కొలత వస్తుంది. కింది మనిషి గొలుసు కొసని ఛాతీ ఎత్తున సమంగా పట్టుకోవాలి, అక్కణ్ణించి గుండు వదలాలి, అది తాకిన చోట మేకు దిగ్గొట్టాలి. మెట్లు దిగినట్టు ముక్కముక్కలుగా కొలుచుకుంటూ పోవాలి. పూటంతా కష్టపడినా పది గొలుసులు నడిచేవి కాదు.

ఆ వాలు మీద సామలు, వలిసెలు కలిపి చల్లి ఉన్నాయి. పోడు. చేను అంచున ఒక ముసలమ్మ కూర్చుని ఉంది, అడ్డచుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని. గొలుసు తన చేనులోంచి పోతుంటే కాసేపు ఊరికే చూసింది. తరవాత అడిగింది.

"ఏటి బావూ, మా మెట్ట కొలుత్తన్నారు? మాదని రాత్తారా, సర్కారుదని రాత్తారా?"

"రికార్డులో ఏముంటే అదే రాస్తాం అమ్మా" అన్నాను. రికార్డులో ఆమె పేరు లేదు. ‘ప్రభుత్వ భూమి, కొండ’ అని రాసి కింద సంతకం పెట్టాను. రూలు ప్రకారం అది సరైన రాతే.

రికార్డులో ఆమె పేరు ఎందుకు లేదన్నది చాలా ఏళ్లకి గానీ నాకు బోధపడలేదు. ఈ కొండల్ని ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1839లోనే మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరుని ఏజెంటుగా పెట్టి, విడిగా ఏలడం మొదలెట్టారు. ఏజెన్సీ అనే మాట అక్కణ్ణించి వచ్చిందే. లోపల శిస్తు వసూళ్లు ముఠాదార్ల చేతిలో, అంటే కొన్నేసి ఊళ్ల మీద పెత్తనం ఉన్నవాళ్ల చేతిలో, ఉండేవి. కొండదొరలు, బగతలు, కోదులు ఏ కొండ నరికి ఏ ఏడు పోడు చేసుకుంటారో ఊళ్లో అందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం ఉండేది కాదు. ముఠాల రద్దు 1969 రెగ్యులేషనుతో, రైతువారీ సెటిల్‌మెంటు 1970 రెగ్యులేషనుతో వచ్చాయి. సెటిల్‌మెంటు వాళ్లు గెడ్డ పక్కన గట్లు కట్టిన పల్లపు మళ్లకి పట్టాలిచ్చారు. పోడు చేసే వాలుల్లో చాలా భాగం పట్టాకెక్కలేదు. పట్టా లేకపోతే అది సర్కారుదే. ఎవరూ లాక్కోకుండానే, ఒక గడి ఖాళీగా ఉన్నందువల్ల కొండ చేతులు మారింది.

ఇక భూమి బదలాయింపు చట్టాలు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. కొండజాతి మనిషి తన భూమిని బయటివాళ్లకి అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా ఏజెంటు అనుమతి ఉండాలి, లేకపోతే ఆ బేరం చెల్లదు. అప్పటికే కింద నుంచి ఉప్పు, బట్టలు ఎక్కించుకొచ్చిన షావుకార్లు అప్పుల కింద భూములు రాయించుకోవడం బాగా నేర్చారు. 1959 రెగ్యులేషనూ ఆ దారినే నడిచింది. దానికో కన్నం ఉంది. గిరిజనుడు అమ్మితేనే నిషేధం. ఎప్పుడో ఎలాగో సంపాదించిన షావుకారు ఇంకో షావుకారుకి అమ్ముకుంటే అడ్డు లేదు. పక్కన శ్రీకాకుళం కొండల్లో తుపాకులు పేలుతున్న రోజుల్లో, 1970లో, ఆ కన్నం పూడ్చారు. సవరించిన 3వ సెక్షనులో అమ్మేవాడు గిరిజనుడైనా కాకపోయినా సరే, ఏజెన్సీలో ఏ ‘పర్సన్’ అయినా స్థిరాస్తిని గిరిజనుడికి గానీ, గిరిజనులే సభ్యులైన సహకార సంఘానికి గానీ తప్ప ఇంకెవరికి బదలాయించినా చెల్లదని రాశారు. పైగా గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందే అనుకోవాలి, కాదని నిరూపించుకునే భారం అవతలివాడిదే. ఆ రెగ్యులేషను రాజ్యాంగబద్ధమేనని పి.రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1988లో ఖాయం చేసింది.

ముసాయిదా రాసినవాళ్లు గాలం వేసింది షావుకారుకి. 27 ఏళ్ల తరవాత దానికి చిక్కింది సర్కారు.

అదెలాగంటే, పోడు వాలుల్ని సర్కారు భూమి అని రాసుకున్నాక ప్రభుత్వం వాటి మీద గనుల లీజులిచ్చింది. తీసుకున్నవాళ్లు చాలావరకు గిరిజనేతరులు. లీజు కూడా బదలాయింపే కదా అని ఎవరూ అనుకోలేదు. ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. 1991లో మన శాసనసభే కేంద్ర గనుల చట్టానికి 11(5) అని ఒక సవరణ కలిపింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, గిరిజనులకి, ప్రభుత్వ సంస్థలకి, గిరిజనుల సహకార సంఘాలకి తప్ప ఎవరికీ గని లీజు ఇవ్వరాదని రాసింది. రాసింది సర్కారే, లీజులు నడిపిందీ సర్కారే. రెండు ఫైళ్లూ ఒకే సెక్రటేరియట్లో ఉంటాయి. ఒకదానికొకటి ఎదురుపడవు.

అనంతగిరి కొండల్లో పనిచేస్తున్న సమత అనే స్వచ్ఛంద సంస్థ ఈ లీజుల మీద హైకోర్టుకి వెళ్లింది. రెగ్యులేషను ప్రభుత్వ భూమికి వర్తించదని హైకోర్టు కొట్టేసింది. సమత ఢిల్లీ వెళ్లింది. అక్కడ అంతా ఒక్క మాట మీదికి వచ్చి నిలబడింది. ‘పర్సన్’, అంటే వ్యక్తి. ప్రభుత్వం వ్యక్తేనా? భూమి ప్రభుత్వానిది, ఖనిజం ప్రభుత్వానిది, తనది తాను లీజుకిచ్చుకుంటే అడ్డేమిటి అన్నది ఒక పక్షం. ఏజెన్సీలో భూమి బయటివాడికి పోకూడదన్నదే చట్టం ఉద్దేశమైతే, ఇచ్చే చెయ్యి షావుకారుదైతే ఏమిటి సర్కారుదైతే ఏమిటి అన్నది రెండోది.

ఆ కొండలో ఏరుకొచ్చిన కాల్సైటు ముక్క ఒకటి నా బల్ల మీద ఉంటుంది, కాగితాలు ఎగరకుండా. ఈ రాయిని ఎలా పగలగొట్టినా వాలు పెట్టెలాగే విరుగుతుంది. నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. ఎక్కువగా పాలలా తెల్లగానే దొరుకుతుంది గానీ ఈ ముక్క మాత్రం అద్దంలా ఉంది. తీర్పు చదువుతూ ఒకరోజు పుటమీద పెట్టి చూశాను. కింద అక్షరాలన్నీ రెండేసి కనిపించాయి. రాయిని తిప్పితే ఒక వరస కదలకుండా ఉంది, రెండోది దాని చుట్టూ తిరిగింది. మా మనవడు వచ్చినప్పుడల్లా ఆ ఆటే ఆడతాడు.

తీర్పు 1997 జూలై 11న వచ్చింది. ముగ్గురు జడ్జీలు. జస్టిస్ కె.రామస్వామి ప్రభుత్వమూ వ్యక్తి కిందికే వస్తుందన్నారు. జస్టిస్ సగీర్ అహ్మద్ ఆయనతో కలిశారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి మీద గిరిజనేతరులకి ఇచ్చిన లీజులు చెల్లవు. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఏ.పి.ఎం.డి.సి. లాంటి ప్రభుత్వ సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘం గానీ తవ్వుకోవచ్చు. లాభంలో కనీసం 20 శాతం పక్కనపెట్టి ఆ ఊళ్లకి నీళ్లు, బడి, ఆసుపత్రి, రోడ్డు చూడాలి. అడవి తిరిగి పెంచే ఖర్చు ఆ 20 శాతంలో కలపకూడదు.

మూడో జడ్జి జస్టిస్ జి.బి.పట్నాయక్ ఒప్పుకోలేదు. ఈ రెగ్యులేషను మనుషుల మధ్య బేరాల కోసం పుట్టింది, ప్రభుత్వాన్ని వ్యక్తి అనడం కుదరదన్నారు. చాలామంది ఆయన్ని గిరిజన ద్రోహి అన్నట్టు మాట్లాడతారు. నాకలా అనిపించలేదు. అక్షరం పట్టుకు చూస్తే ఆయన మాటా కొట్టిపారేసేది కాదు. నేనైతే కొలతలవాణ్ణి కాబట్టి అక్షరం వైపే మొగ్గు చూపాలి. కానీ గొలుసు వాలు మీద పరిచి కొలిస్తే అంకె వస్తుంది గానీ నిజం రాదని నాకే బాగా తెలుసు.

తీర్పు తరవాత గొడవ ఆగలేదు. 2000లో కేంద్ర గనుల శాఖ, షెడ్యూల్డ్ ప్రాంతాల సంగతి చెప్పే రాజ్యాంగం అయిదో షెడ్యూలునే మార్చి ఈ తీర్పు అడ్డు తొలగించుకునే ప్రతిపాదన నడిపింది. 2001 రిపబ్లిక్ దినం ముందు రాత్రి ప్రసంగంలో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్, గిరిజన భూములు బయటివాళ్లకి పోకూడదనే చట్టాల్ని సుప్రీంకోర్టు తన తీర్పుల్లో నిలబెట్టిందని గుర్తుచేశారు. ఆ ఏడాది డిసెంబరులోనే ఛత్తీస్‌గఢ్‌లోని బాల్కో అల్యూమినియం కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, సమత తీర్పు సరైనదేనా అని గట్టి అనుమానమే వెలిబుచ్చింది. అక్కడి భూమి చట్టంలో మాటలు వేరు గనుక ఈ తీర్పు వర్తించదని చెప్పి వదిలేసింది. అంటే ఒరిస్సా, జార్ఖండ్ గిరిజనుడికి ఏం దక్కుతుందన్నది ఆ రాష్ట్రం రెగ్యులేషనులో ఏ గుమస్తా ఏ మాట వాడాడన్న దాని మీద ఉందన్నమాట.

మన దగ్గర వెసులుబాటు వేరే చోట దొరికింది. తవ్వేది ప్రభుత్వ సంస్థ అయితే అభ్యంతరం లేదు కదా. 2005 తరవాత బాక్సైటు ఒప్పందాలు ఆ కొలతకే కుట్టించారు. కొండ మీద ఏ.పి.ఎం.డి.సి. తవ్వుతుంది, మైదానంలో ప్రైవేటు కంపెనీ కర్మాగారం కడుతుంది. అలాంటి కర్మాగారం ఒకటి మా ఎస్.కోట మండలానికే రావాల్సింది. భూములు పోయాయి, కర్మాగారం రాలేదు. పైన చింతపల్లి వైపు జెర్రెలలో 1,212 హెక్టార్ల అడవిని 2015 నవంబరులో జీవో 97 ఏ.పి.ఎం.డి.సి.కి అప్పగించింది. ఊళ్లు ఊళ్లు కదిలాయి, 2019లో ఆ జీవో రద్దయింది.

ఇంత జరిగినా ముసలమ్మ ప్రశ్నకి సమత తీర్పులో జవాబు లేదు. కొండ ఎవరిదో అది తేల్చలేదు. బయటివాడికి ఇవ్వకూడదని మాత్రమే అంది. ఆ ప్రశ్నకి దగ్గరగా వెళ్లిన తీర్పు వేరే ఉంది. మలబారు జన్మి భూముల మీద, అంటే అక్కడ వంశపారంపర్యంగా సొంత హక్కున్న భూముల మీద, 2013 జూలైలో వచ్చింది. రాసింది మన కృష్ణా జిల్లా ఆయన, జస్టిస్ చలమేశ్వర్. నేల కింద ఖనిజమంతా ప్రభుత్వానిదే అని చెప్పే చట్టం ఏదీ లేదు, వేరే చట్టం తప్పిస్తే తప్ప భూమి ఎవరిదైతే లోపలున్నదీ మామూలుగా వాళ్లదే అన్నారు. చదివినప్పుడు అనంతగిరి వాలు గుర్తొచ్చింది. ఆ మాట అక్కరకు రావాలంటే ముందు పట్టా ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద కొందరికి కాగితాలు వచ్చాయి. నేను కొలిచిన ఆ చేను ఇప్పుడు ఎవరి పేరునుందో తెలుసుకోవాలని చాలాసార్లు అనుకున్నాను, వెళ్లలేదు.

కిందటి సంక్రాంతికి పిల్లలతో బొర్రా వెళ్లాను. గుహలకి పోయే దారిలో బొంగు చికెన్ బడ్డీలు వరసగా ఉన్నాయి. ఒక బడ్డీలో కుర్రాడు వెదురు బొంగులు నరుకుతున్నాడు. కింద దుంగకి బదులు ఒక రాయి ఉంది, చెక్కిన నాలుగు పలకల రాయి. అవతల కొండ మీద గెడ్డ దగ్గర దొరికిందన్నాడు. వంగి చూశాను. సర్వే రాయే. తల మీది ప్లస్ గుర్తు కత్తిదెబ్బలకి సగం అరిగిపోయింది. పక్క పలక మీద నంబరు మాత్రం మసి తుడిస్తే చదవడానికి వచ్చింది.