వార్డెన్ సంతకం: ఖమ్మం టీకా కథ



కామారెడ్డి, ఎల్లారెడ్డి హాస్టళ్లల్ల చదివే మనం తెలుసుకోవాల్సిన చరిత్ర ఒకటి ఉన్నది. అది మన జిల్లాది కాదు, ఖమ్మంది. కానీ హాస్టల్ పిల్లలది, అందుకే మనది.

ముందు జబ్బు సంగతి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఈ సంగతి కనిపెట్టిన హరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ సోకిన ఎక్కువమందికి ఒకటి రెండేండ్లల్ల దానంతట అదే పోతది. పోగొట్టేది మన తెల్లరక్తకణాలే. సీడీ4 కణాలు కబురు పెడితే సీడీ8 కణాలు పోయి వైరస్ పట్టిన కణాన్ని చంపుతయి. క్యాన్సర్ ముదిరిన చాలామంది రక్తంలో ఈ సీడీ4 బలం తగ్గి, దాడిని ఆపే రకం కణాలు పెరిగి కనబడతయి. హెచ్‌ఐవీ సీడీ4 కణాలనే తింటది కాబట్టి, అది ఉన్న ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు. టీకా మాత్రం వైరస్ రాకముందే శరీరాన్ని సిద్ధం చేస్తది. అందుకే చిన్న వయసులో ఇస్తరు.

ఆ టీకానే 2009 జూలైలో ఖమ్మం జిల్లాకు వచ్చింది. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి వేసిన్రు. వాళ్లల్ల చాలామంది ఆదివాసీ పిల్లలు, ఆశ్రమ హాస్టళ్లల్ల ఉన్నోళ్లు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవ లేచి, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటు కమిటీ ఇంకో సంగతి బయటపెట్టింది: చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది, 1,948 మీద వేలిముద్రలు.

వేలిముద్ర తప్పు కాదు, మన ఇండ్లల్ల గూడ వేస్తరు. ఏం వేస్తున్నరో, ఎందుకో అమ్మానాన్నలకు వాళ్ల భాషలో చెప్పకపోతే తప్పు. పిల్లను హాస్టల్‌కు పంపినోళ్లు ఆమె ఒంటి మీద హక్కును వార్డెన్‌కు రాసియ్యలే.

తండాల్లో సూది అంటే భయపడితే అది అజ్ఞానమని కొట్టిపారేస్తరు. అడగకుండా చేసిన పని నుంచి గూడ ఆ భయం పుడతదని మేమంటం. ఆ భయంతో టీకాను, పరీక్షను వద్దనుకుంటే మాత్రం నష్టపోయేది మళ్లీ మన అక్కచెల్లెళ్లే. 30 దాటిన అమ్మలను సర్కారు దవాఖానకు తీసుకపోయి పరీక్ష చేయిద్దాం. హాస్టల్‌కు టీకా వస్తే ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం: ఇది ఏంది? ఏమైనా అయితే ఎవరు చూస్తరు? మా ఇంట్లో చెప్పిన్రా?

జవాబు చెప్పినంక చెయ్యి చాపుదాం.