కణత్వచం దాటే ఫ్లోరైడ్

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేల కింద ఉన్నది గ్రానైటు. అందులో ఫ్లోరైడ్ కలిసిన ఖనిజాలున్నాయి. వానలు తక్కువైన ఈ మెట్ట సీమలో ఇంకిన నీరు ఏళ్ల తరబడి రాతి సందుల్లో నిలిచి వాటిని కరిగించుకుంటుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కూడి అడుగున పేరుకునేది. ఇక్కడి భూగర్భజలంలో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకే ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. నల్లగొండలో కొన్ని బావుల్లో 10 కూడా దాటింది. బోరింగు కొట్టి బిందె నింపుకునే మనిషికి ఆ తేడా కంటికీ నాలుకకూ తెలియదు.

ఫ్లోరైడ్ వల్ల పళ్లూ ఎముకలూ దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. దక్షిణ భారతంలో దాన్ని 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో షార్ట్, ఆయన సహచరులు వైద్యలోకం దృష్టికి తెచ్చారు. నల్లగొండ రోగులపై ఎ.హెచ్. సిద్దిఖీ వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మోకాళ్లు లోపలికి ఒరుసుకుని పాదాలు దూరమయ్యే వైకల్యం ఇక్కడి పిల్లల్లో కనిపిస్తోందని 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో రాశారు. ఎముక ఎలా వంగిందో ఈ పరిశోధనలు చెప్పాయి. నీటిలోని ఫ్లోరైడ్ ఎముక దాకా ఎలా చేరిందన్న ప్రశ్నకు జవాబు మాత్రం కణాన్ని చుట్టి ఉన్న పొరలో ఉంది. ఫ్లోరోసిస్ చరిత్రలో ఆ పొరకు దక్కవలసినంత చోటు దక్కలేదు.

ఆ పొరే కణత్వచం. అది రెండు వరసల లిపిడ్ అణువులతో అల్లుకున్నదని 1925లో గోర్టర్, గ్రెండెల్ చూపారు. ఆ లిపిడ్లలో ప్రోటీన్లు తేలుతూ కదులుతుంటాయని 1972లో సింగర్, నికల్సన్ వివరించారు. విద్యుదావేశం ఉన్న అయాన్ నూనెలాంటి ఆ నడిమి భాగాన్ని తనంతట దాటలేదు. దానికి ప్రోటీన్ దారి ఇవ్వాలి. కొన్ని ప్రోటీన్లు ఉత్త తలుపులు, కొన్ని శక్తి ఖర్చుపెట్టి తోడే పంపులు. ఆ పంపులకు శక్తినిచ్చే అణువు ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్ని గుర్తించాడు.

ఫ్లోరైడ్ మాత్రం లోపలికి రావడానికి ఏ ప్రోటీన్ కోసమూ ఆగదు. కడుపులోని ఘాటైన ఆమ్లంలో అది ఒక హైడ్రోజన్‌ను తగిలించుకుని హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. ఇక ఆవేశం ఉండదు, లిపిడ్ పొర అడ్డూ ఉండదు. ఫ్లోరైడ్ అయాన్ కన్నా హైడ్రోజన్ ఫ్లోరైడ్ లిపిడ్ పొరను లక్షల రెట్లు సులువుగా దాటుతుందని 1981లో గట్‌నెక్ట్, వాల్టర్ కొలిచి చూపారు. కణం లోపల ఆమ్లం తక్కువ కాబట్టి అక్కడ హైడ్రోజన్ ఊడిపోతుంది, అయాన్ మిగిలిపోతుంది. భోజనంలో కాల్షియం బాగా ఉంటే పేగులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. పాలూ పెరుగూ అందని ఇళ్లలో జబ్బు ఎక్కువగా ముదరడానికి ఇదొక కారణం. ఒంట్లో నిలిచిపోయిన ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది.

ఈ ప్రయాణాన్ని దగ్గరగా చూడాలంటే రక్తపరీక్ష కేంద్రానికి వెళ్తే చాలు. చక్కెర పరీక్షకు రక్తం తీసి పోసే గొట్టానికి బూడిద రంగు మూత ఉంటుంది. అడుగున సోడియం ఫ్లోరైడ్ పొడి. అది ఎర్రకణాల్లోకి చొరబడి ఈనోలేజ్ అనే ఎంజైమును ఆపేస్తుంది. దాంతో పరీక్ష చేసేలోగా రక్తకణాలు చక్కెరను తినేయడం చాలావరకు ఆగుతుంది.

సూక్ష్మజీవులు ఈ ముప్పుకు ఎప్పుడో విరుగుడు కనిపెట్టుకున్నాయి. ఫ్లోరైడ్ పెరిగినప్పుడు మేలుకునే జన్యువులు బ్యాక్టీరియాలో ఉన్నాయని 2012లో యేల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ బ్రేకర్ బృందం గుర్తించింది. వాటిలో ఒక రకం జన్యువు తయారుచేసేది ఫ్లోరైడ్ బయటికి పోయే దారి అని ఆ మరుసటేడు స్టాక్‌బ్రిడ్జ్, క్రిస్టఫర్ మిల్లర్ బృందం తేల్చింది. దాని పేరు ఫ్లక్. 2015లో దాని రూపం కూడా బయటపడింది. ఒకేలాంటి రెండు ప్రోటీన్ అణువులు లిపిడ్ పొరలో ఒకటి నిలువుగా, మరొకటి తలకిందులుగా జతకూడతాయి. వాటి నడుమ ఒక సోడియం అయాన్ కదలకుండా కూర్చుంటుంది. పక్కన రెండు సన్నని దారులుంటాయి. క్లోరైడ్ కంటే ఫ్లోరైడ్‌ను అవి 10,000 రెట్లకు పైగా ఎంచుకుని పంపుతాయి. ఏటీపీ ఖర్చు లేదు. కణం లోపలి రుణావేశమే ఫ్లోరైడ్‌ను బయటికి నెడుతుంది. ఈస్టులో, మొక్కల్లో ఇదే కోవకు చెందిన ఎఫ్ఈఎక్స్ ప్రోటీన్లున్నాయి. మనిషికి ఈ రెండూ లేవు.

ఫ్లోరైడ్ సంగతి అటుంచితే, త్వచంలోని ప్రోటీన్ పని దాని చుట్టూ ఉన్న లిపిడ్ల మీద కూడా ఆధారపడుతుందని చూపిన పరిశోధనల్లో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు మంచి వాటా ఉంది. అమితాభ ఛటోపాధ్యాయ, పుకాడియిల్ పశువుల మెదడు త్వచాల నుంచి కొలెస్ట్రాల్‌ను తీసేసి చూశారు. అక్కడి సెరటోనిన్ గ్రాహకమనే ప్రోటీన్ తనకు తగిన అణువును పట్టుకునే శక్తి తగ్గింది. కొలెస్ట్రాల్ తిరిగి చేర్చగానే ఆ శక్తి తిరిగొచ్చింది. ఈ ఫలితాలు 2004లో వెలువడ్డాయి.

త్వచం దాకా రాకముందే ఫ్లోరైడ్‌ను ఆపాలన్న ప్రయత్నానికి నల్లగొండ జిల్లా పేరే నిలిచిపోయింది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’లో నీటికి సున్నం, పటిక కలిపి తిప్పుతారు. తెల్లని మెత్తటి తెట్టు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని గోళెం అడుగుకు దిగుతుంది. పైనీళ్లు వంచుకోవాలి. రోజూ కొలతలు తప్పకుండా ఇంట్లో చేయడం కష్టమైన పని. తర్వాత తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. శుద్ధిచేసిన కృష్ణా నీళ్లు గొట్టాల్లో వచ్చాయి.

ఎముకలో చేరినది మాత్రం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగానే కదులుతుంది. ఎముకను తొలిచే కణాలు ఆమ్లం వదిలి దాన్ని కరిగించినప్పుడు ఫ్లోరైడ్ తిరిగి రక్తంలోకి వచ్చి మూత్రపిండాలకు చేరుతుంది. అక్కడా నియమం అదే. మూత్రం ఆమ్లంగా ఉంటే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారి త్వచం గుండా వెనక్కి వస్తుంది, క్షారంగా ఉంటే అయాన్‌గానే బయటికి పోతుంది. ఇలా బయటికి పోయేదాన్ని పెంచగలమా అని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన ఖండారే బృందం బడి పిల్లలకు 18 రోజులపాటు రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూసింది. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 నుంచి 4.8 మిల్లీగ్రాములకు పెరిగిందని 2002లో ప్రచురించింది.